చల్లారే భట్టీ లెక్క

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ల చేతిలో సెన్సర్లుంటాయి, ఫోన్‌లోనే గ్రాఫులు గీసేస్తారు. "మీ కాలంలో ఎలా కొలిచేవారు సార్?" అని అడుగుతారు. కాటా పెట్టి కొలిచేవాళ్లం నాయనా, ఇంకెలా కొలుస్తాం అంటాను. నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ, వాళ్లకు చెప్పాల్సిన అసలు సంగతి ఒకటి చెప్పకుండానే కాఫీ ఇచ్చి పంపిస్తున్నానని నాకు తెలుసు. అది ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు సూర్యనారాయణ. మాది తెనాలి వైపు. చదువయ్యాక హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరాను. పప్పు మిల్లులు, బియ్యం మరలు, నూనె గానుగలు, ఐసు ఫ్యాక్టరీలు, బేకరీలు తిరిగి, తిండి తయారుచేయడానికి ఎంత ఇంధనం మండుతోంది, దానివల్ల గాలిలోకి ఎంత కర్బన వాయువు పోతోంది అని లెక్క కట్టడం నా ఉద్యోగం. భూమిని వేడెక్కిస్తున్నాయని పేపర్లలో రాస్తున్నారే, ఆ వాయువుల లెక్క. ప్రమోషన్ల సంగతి రాయను. అవి రావలసినప్పుడు వచ్చాయి, రాని చోట రాలేదు. ఒక్క బేకరీ భట్టీ గురించి రాస్తాను. దాని విషయంలో ఒక తప్పు చేశాను. తప్పని తెలిశాక దాన్ని దిద్దిన తీరు అంతకంటే పెద్ద తప్పు.

పైన నిప్పు, కింద తిండి

మా విద్య చాలా చిన్నది. ఒక భిన్నం. పైన మండిన ఇంధనం వేస్తాం, కింద తయారైన తిండి వేస్తాం. కిలో బిస్కెట్టుకు ఇంత వాయువు అని తేలుతుంది. చిన్నప్పుడు బడిలో నేర్చిన లవం, హారం, అంతే. దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టి కొత్తవాళ్లను భయపెడతారు, మీరు భయపడకండి.

పైన వేసే అంకె మీద అందరి కళ్లూ ఉంటాయి. కట్టె తడిదా ఎండుదా, ఏ చెట్టుది, ఎంత బూడిద మిగిలింది అని నలుగురు నాలుగు ప్రశ్నలు వేస్తారు. కట్టె మండినప్పుడు వచ్చేది చెట్టు పెరుగుతూ పీల్చుకున్నదే కాబట్టి లెక్కలో వేయకూడదని కొందరు వాదిస్తారు. కొట్టిన చెట్టు మళ్లీ పెరుగుతుందని ఎవరు రాసిచ్చారు, వేయాల్సిందే అని ఇంకొందరు. మేం వేశాం. ఇప్పటికీ అది సరైన పనే అంటాను. కింద వేసే అంకెను మాత్రం ఎవరూ అడగరు. ఎంత తయారైంది అని యజమానిని అడుగుతాం, ఆయన చెప్పింది రాసుకుంటాం.

మాకూ డెన్మార్కుకూ కలిపి ఒక ప్రాజెక్టు వచ్చింది. ఒకే రకం తిండి రెండు దేశాల్లో తయారవుతుంటే ఎక్కడ ఎంత వాయువు పోతోంది అని పోల్చాలి. వాళ్లది వెన్న బిస్కెట్లు చేసే గ్యాసు ఫ్యాక్టరీ. మావైపు పాతబస్తీలో కట్టెల భట్టీ మీద ఉస్మానియా బిస్కెట్లు కాల్చే బేకరీ. అక్కడివాళ్ల తరఫున ఇంగ్రిడ్ అనే ఇంజనీరమ్మ, మా తరఫున నేను. రెండు దేశాలకూ ఒకే ఫారం. నక్కకూ నాకలోకానికీ ఏమిటీ పోలిక అని మా సంస్థలోనే కొందరు నవ్వారు. నేను మాత్రం చాలా ఉత్సాహపడ్డాను. దాచుకోవడం దేనికి, ప్రాజెక్టులో డెన్మార్కు ప్రయాణం ఉంది. అప్పటికి నేను విమానం ఎక్కలేదు.

కరీం భాయ్

నయాపూల్ దాటి లోపలికి పోతే, మా అద్దె ఇంటికి రెండు గల్లీల ఇవతల, గాజుల కొట్ల వెనక ఒక గల్లీలో ఉండేది కరీం భాయ్ బేకరీ. మైదా, డాల్డా ఉస్మాన్‌గంజ్ నుంచి ఆటో ట్రాలీలో వచ్చేవి. భట్టీ ఆయన తాత కట్టించింది. బయటికి చూస్తే సున్నం వేసిన గోడ, నడుమ ఒక చిన్న ఇనుప తలుపు. లోపల మాత్రం నలుగురు మనుషులు కూర్చోగలిగేంత ఇటుక గుమ్మటం. పొద్దున్నే లోపలే కట్టెలు మండించి, ఇటుకలు ఎర్రబడ్డాక నిప్పులు పక్కకు లాగి, ఆ వేడి మీదే ముందు రొట్టెలు, వేడి కాస్త దిగాక బిస్కెట్లు కాల్చేవారు.

కరీం భాయ్ పొట్టి మనిషి, మాట మెత్తన. నేను కాటా, ఫారాలు పట్టుకుని వెళితే ముందు చాయ్ తెప్పించాడు.

"రాసుకో సాబ్, నా దగ్గర ఏం దాపరికం లేదు. ఏం అడుగుతవో అడుగు."

నాతోపాటు యాదగిరి ఉండేవాడు. మా ల్యాబ్ టెక్నీషియన్. పాతబస్తీలోనే పుట్టి పెరిగాడు. మొదటిరోజు వానలో తడిసిన కట్టెలు కాటా మీద పెట్టించబోయాను.

"సార్, కట్టెలు తూస్తున్నమా, నీళ్లు తూస్తున్నమా?" అన్నాడు.

నలుగురి ముందూ అన్నాడని నాకు కోపం వచ్చింది. తడి కట్టెలు పక్కన పెట్టించాను గానీ, వాడి మాట వినే అలవాటు మాత్రం ఆ రోజు చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

వారం రోజులు కొలిచాం. పొద్దున నిప్పు వేసేటప్పుడు వెళ్లేవాళ్లం. కట్టె ప్రతి మొద్దూ తూచాం. చివరి బిస్కెట్ల రేకు బయటికి వచ్చాక మధ్యాహ్నం భోజనం వేళకు పుస్తకం మూసేవాళ్లం. ఒకరోజు యాదగిరి కాటా సర్దకుండా నిలబడ్డాడు.

"జర కూసుందాం సార్. భట్టీ ఇంకా గరమే ఉన్నది."

"మాల్ అయిపోయింది కదయ్యా, ఇంకేముంది చూడ్డానికి?"

"ఏం లేదు సార్, ఉత్తగనే అన్న" అని కాటా భుజాన వేసుకున్నాడు. నేను స్కూటర్ తీశాను.

గీత పెట్టిన గడి

ఫారంలో రెండు గడులు ముఖ్యమైనవి. ఒకటి తయారైన సరుకు. రెండోది బయటివారికి ఇచ్చిన వేడి. ఈ రెండోది డెన్మార్కువాళ్లు పెట్టించిన గడి. అక్కడ ఫ్యాక్టరీలో మిగిలిన వేడితో నీళ్లు కాచి, పైపుల్లో చుట్టుపక్కల ఇళ్లకు పంపిస్తారు. చలిదేశం కదా, ఆ నీళ్లతో ఇళ్లు వెచ్చగా ఉంటాయి. అలా ఇచ్చిన వేడికి తగ్గట్టు ఫ్యాక్టరీ పద్దులోంచి కొంత పొగ తీసేస్తారు. న్యాయమే. నీ నిప్పుతో పక్కింటివాడి పని కూడా జరిగితే ఆ పొగంతా నీ ఒక్కడిదే అనకూడదు.

ఆ గడి నింపాలి కాబట్టి కరీం భాయ్‌ని అడిగాను. "మీ భట్టీ వేడి ఎవరికైనా పైపులో ఇస్తారా?"

ఆయన పకపకా నవ్వాడు. "పైపా? మా గల్లీల నల్లా పైపుల నీళ్లే రావు సాబ్, వేడి ఏడికెల్లి పోతది?"

నేనూ నవ్వి ఆ గడిలో గీత పెట్టాను.

"రోజుకు ఎంత మాల్ తీస్తారు?" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని లెక్క వేసుకుని, రొట్టె ఇంత, బన్ను ఇంత, బిస్కెట్లు ఇంత అని చెప్పాడు. మేం తూచినదానితో సరిపోయింది. అబద్ధం చెప్పలేదు, ఒక్క కిలో కూడా ఎక్కువ చెప్పలేదు. నిజాయితీపరుడని మనసులో మెచ్చుకున్నాను.

రిపోర్టులో కిలోకు ఎంత వాయువో చూపే రెండు నిలువు గీతలు పక్కపక్కన వేశాం. డెన్మార్కు గీత పొట్టిగా ఉంది. మా గీత పేజీ పైఅంచు తాకింది. మా డైరెక్టరు రామనాథం గారు ఆ పేజీని పెద్దగా అచ్చువేయించి మీటింగులో గోడకు పెట్టించారు. అధికారులు, బ్యాంకువాళ్లు, పత్రికలవాళ్లు వచ్చారు. ఆ గీతను చూసి అయ్యో అననివాడు లేడు. నెల తిరగకుండానే ఒక పథకం వచ్చింది. కట్టెల భట్టీలు తీసేసి కరెంటు ఓవెన్లు పెట్టుకోవాలి, సాయం ఇస్తారు, గడువులోగా మారకపోతే లైసెన్సు కొనసాగదు. మొదటి నోటీసు మేం కొలిచిన భట్టీకే వెళ్లింది. లెక్కలు దొరికింది దానివే కదా.

మధ్యాహ్నం మూడు గంటలకు

కరెంటు ఓవెన్ సంగతి యజమానులకు నచ్చజెప్పి రమ్మని రామనాథం గారు నన్నే పంపారు. పొద్దున ఆఫీసులో పని ఉండి మధ్యాహ్నం బయలుదేరాను. అలా మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గల్లీలోకి మొదటిసారి వెళ్లాను.

బేకరీ ముందు ఆడవాళ్ల వరస. బురఖాల్లో కొందరు, చీరకొంగు నెత్తిన కప్పుకుని కొందరు. అందరి చేతుల్లోనూ గుడ్డ కప్పిన పళ్లేలు. లోపల భట్టీ పనివాడు ఒక్కో పళ్లెంలోని పిండి బిళ్లలు తీసి బేకరీ నల్లరేకుల మీదికి మార్చి, చల్లారుతున్న భట్టీలోకి తోస్తున్నాడు. ఖాళీ పళ్లేలు గోడ పక్కన దొంతరగా ఉన్నాయి.

"ఇవన్నీ ఏమిటి?" అన్నాను.

"ఇండ్లల్ల పిండి సాబ్," అన్నాడు కరీం భాయ్. "మాల్ అయినంక భట్టీ సల్లారేదాక ఎవరిది వాళ్లు తెచ్చుకుంటరు. బిస్కెట్లు, తీపి రోట్లు, ఎవరికి కావల్సింది వాళ్లు. మా తాత జమానా నుంచి గిట్లనే. భట్టీవాడి చాయ్‌కు ఎవరికి తోచింది వాళ్లిస్తరు, అంతే."

"రోజూనా?"

"రోజూ. మొహర్రంల అయితే గల్లీ పట్టదు. మీ పండుగలకు మీవాళ్లూ తెస్తరు."

"రేకులన్నీ ఒకలాగే ఉన్నాయి, ఎవరివి ఎవరివో ఎలా తెలుస్తుంది?"

ఆయన ఒక రేకు ముందుకు లాగి చూపించాడు. మూలనున్న బిళ్ల మీద గాజు అంచు ఒత్తిన గుర్తు. ఇంకో రేకు మీద కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే టోపీ గుర్తు. ఇంకోదాని మీద చొక్కా గుండీ, నాలుగు చిల్లులతో. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఒకరి గుర్తు ఇంకొకరు వేయరు.

తర్వాతి రేకు మీద బీరువా తాళంచెవి గుర్తు ఉంది. గుండ్రటి తల, కింద రెండు పళ్లు.

ఆ గుర్తు నాకు తెలుసు. సాయంత్రం చాయ్‌తో మా ఆవిడ పెట్టే బెల్లం బిస్కెట్లలో అప్పుడప్పుడు ఒకదాని మీద అలాంటి గాటు వచ్చేది. బేకరీవాడి డిజైన్ అనుకునేవాణ్ని. గోడ పక్క దొంతర దగ్గరికి వెళ్లి పళ్లేలు ఒక్కోటీ ఎత్తి చూశాను. నాలుగోది మాది. మా పెళ్లికి కొన్న స్టీలు పళ్లెం. అంచు మీద నా పేరు చెక్కి ఉంది.

కరీం భాయ్ వెనకనుంచి వచ్చాడు. "అది రెండు గల్లీల అవతల ఆంధ్రా అమ్మది. మంచి మనిషి. ఏమైంది సాబ్, గట్ల నిలబడ్డరు?"

నేను పిండి బస్తా మీద కూర్చుండిపోయాను. సిగ్గేసింది. కాసేపటికి తేరుకుని కోపంగా అడిగాను. నా తప్పుకు ఆయన మీద కోపం, చూడండి.

"నేను మాల్ ఎంత అని అడిగినప్పుడు ఇది ఎందుకు చెప్పలేదు మీరు?"

కరీం భాయ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇది మాల్ ఎట్లయితది సాబ్? ఇది అమానత్. నా మీద భరోసాతోని నా చేతుల పెట్టిండ్రు. వాళ్ల ఇండ్ల పిండిని నాది అని సర్కారు కాగితంల ఎట్ల రాయించుకుంట?"

ఆయన నిజాయితీ వల్లే ఆయన భట్టీకి నోటీసు వచ్చింది. నేను ఒక్క మాట మార్చి అడిగి ఉంటే చాలు. ఎంత మాల్ తీస్తారు అని కాదు, ఈ భట్టీలో ఏమేం కాలుతాయి అని. వేడి బయటివారికి ఇస్తారా అని అడిగి, ఆ వెంటనే పైపు అన్నాను. మన దగ్గర వేడి పైపులో పోదు, పళ్లెంలో పోతుంది. ఆ సంగతి తెనాలివాడికి తెలియకపోతే తెలియకపోవచ్చు గానీ, ఆ వేడితో కాలిన బిస్కెట్లు ఏళ్ల తరబడి చాయ్‌లో ముంచుకు తిన్నవాడికి తెలియొద్దూ?

ఇంటికి వెళ్లి మా ఆవిడ సుశీలను అడిగాను. "నువ్వు భట్టీకి పిండి పంపుతావా?"

"పంపడమేంటి, నేనే పట్టుకెళ్తాను. ఇన్నేళ్లుగా తింటూ ఇప్పుడడుగుతారేం?"

"ఎక్కడివి అంటే భట్టీవి అన్నావు కదా? కొన్నావేమో అనుకున్నాను."

"భట్టీలో కాల్చినవి భట్టీవి కాక మరేంటండీ? బెల్లం, నువ్వులు వేసిన బిస్కెట్లు ఏ కొట్లో అమ్ముతున్నారు?"

జరిగింది చెప్పాను. నోటీసు సంగతి కూడా. ఆవిడ చేతిలో పని ఆపేసింది. 

"అయితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టొచ్చారన్నమాట," అంది. "పోనీ అవైనా సరిగ్గా లెక్కపెట్టారా, అదీ లేదు."

అడుగున ఒక వాక్యం

మర్నాడు యాదగిరికి చెబితే వాడు తల వంచుకున్నాడు.

"నాకు తెల్సు సార్. మా అమ్మ గూడ గాడికే పోతది. అన్న గద, జర కూసుందామని."

"గట్టిగా చెప్పొచ్చు కదయ్యా!"

"మీరు వినే మూడ్‌ల లేరు సార్."

అది నిజం. తడి కట్టెల సంగతి వాడు మరచిపోలేదు. మీరు ఈ ఉద్యోగంలో చేరగానే మొదట నేర్చుకోవలసింది ఏ సాఫ్ట్‌వేరో కాదు. మీతో కాటా మోసే మనిషి ఒక మాట అని "ఉత్తగనే అన్న" అన్నాడంటే ఆ రోజు స్కూటర్ తీయకండి.

ఇంకో వారం మధ్యాహ్నాలు భట్టీ దగ్గరే కూర్చున్నాం. ప్రతి పళ్లెం తూచాం. ఎవరి పేరూ రాయలేదు, గుర్తు గీసుకున్నాం. గాజు, గుండీ, టోపీ, పావలా బిళ్ల, దువ్వెన పళ్లు, తాళంచెవి. ఆడవాళ్లకు మొదట అనుమానం వేసింది. ఒక ముసలావిడ పళ్లెం కాటా మీద పెట్టనివ్వలేదు.

"ఏంది కొడుకా, దీని మీద గూడ టాక్సేస్తరా?"

"లేదమ్మా, భట్టీ నిలబెట్టడానికే తూస్తున్నాం" అన్నాను. ఆ మాట అన్నాను. దాన్ని నేను మరచిపోలేను.

కొత్త అంకెలతో లెక్క వేస్తే మా గీత చాలా దిగింది. డెన్మార్కు గీతంత పొట్టి కాలేదు. అది కూడా ఒప్పుకోవాలి. కట్టెల భట్టీని నెత్తిన పెట్టుకుని పాడే రకం కాదు నేను. పొగ నిజం. భట్టీ పనివాడి దగ్గు నిజం. పొగగొట్టం ఎత్తు పెంచి, ఇనుప తలుపు సందులు మూసి, ఎండు కట్టెలే వాడితే ఇంకా దిగేది. కానీ పేజీ అంచు తాకిన ఆ గీత మాత్రం అబద్ధం.

కాగితాలు పట్టుకుని రామనాథం గారి గదికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పింది ఆయనే. అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సూర్యం, నువ్వు చెప్పేది కరెక్టే. కానీ అచ్చయిపోయింది. గోడకెక్కింది. ఇప్పుడు గీత మారిస్తే మిగతా అంకెలన్నీ కూడా ఇంతేనా అంటారు. డెన్మార్కువాళ్ల ముందు మన పరువేమవుతుంది? ఫైనల్ కాపీలో అడుగున ఒక వాక్యం వేద్దాం. నిజం చెప్పినట్టూ ఉంటుంది, లొల్లీ ఉండదు."

అప్పుడు నేను ఏం చేయాలో నాకు తెలుసు. గీత మార్చకపోతే నా పేరు తీసేయండి అనాలి. నోటీసు ఇచ్చినవాళ్లకు నేనే ఉత్తరం రాయాలి. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. డెన్మార్కు టికెట్టు నా సొరుగులో ఉంది. రెండో దశకు నన్నే పెడతామని అన్నారు. భయపడ్డాను. భయమే, ఇంకో పేరు పెట్టను.

"అలాగే సార్" అన్నాను.

వాక్యం నేనే రాశాను. మెయిన్ అక్షరాల్లో సగం సైజు ఉంటాయి అడుగున వేసే అక్షరాలు. "పై లెక్కలో భట్టీ మిగులు వేడిని స్థానిక గృహాలు వినియోగించుకున్న పరిమాణం చేర్చబడలేదు." చేర్చబడలేదట. ఎవరు చేర్చలేదో ఆ వాక్యంలో లేదు. నేను చేర్చలేదు అని రాయడానికి చేయి రాలేదు. అలాంటి వాక్యం రాయాలనిపించినప్పుడల్లా కలం కింద పెట్టి, ఎవరు చేశారో ఆ పేరు ముందు రాయండి.

వెచ్చని ఇళ్లు

డెన్మార్కు వెళ్లాను. ఇంగ్రిడ్ ఫ్యాక్టరీ అంతా చూపించి, వెనక వీధిలో ఒక ఇంటికి తీసుకెళ్లింది. ఒక పెద్దాయన గోడకున్న ఇనుప పలకల మీద చేయి పెట్టి చూడమన్నాడు. వెచ్చగా ఉంది. బిస్కెట్లు కాల్చగా మిగిలిన వేడి అది. ఆయన గర్వంగా నవ్వాడు. మా గల్లీలో పళ్లేలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాను.

బయటికి వచ్చాక ఇంగ్రిడ్‌కు మొత్తం చెప్పాను. గుర్తులతో సహా. ఆవిడ రోడ్డు మీదే ఆగిపోయింది.

"ఇది రిపోర్టులో మొదటి పేజీలో ఉండాలి కదా. ఎక్కడ రాశారు?" అంది ఇంగ్లీషులో.

"అడుగున రాశాం."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తిరిగి కారు వైపు ముందు నడిచింది. ఎవరైనా నన్ను తిడితే బాగుండునని ఆ దారిలో అనిపించింది.

నేను తిరిగి వచ్చేసరికి భట్టీ లేదు. గడువు దాటిందని కరీం భాయే కూలీలను పెట్టి కొట్టించాడు. లైసెన్సు పోతే బేకరీయే పోతుంది మరి. ఇటుకలు గల్లీలో కుప్పగా ఉన్నాయి, ఇంకా మసి వాసన పోలేదు. అధికారులు రిపోర్టు చదివారు, కాదనను. వాళ్లు చదివింది గీతను. అడుగున రాసిన వాక్యం గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు.

కరెంటు ఓవెన్ శుభ్రంగా ఉంటుంది. పొగ లేదు. భట్టీ పనివాడి దగ్గు తగ్గింది, అదీ రాయాలి. కానీ స్విచ్ ఆపితే అది కాసేపట్లో చల్లబడుతుంది. పక్కింటివాళ్లకు ఇవ్వడానికి అందులో మిగిలేది ఏమీ ఉండదు. మొదట్లో కొన్నాళ్లు కరీం భాయ్ మొహమాటానికి పళ్లేలు తీసుకున్నాడు, కరెంటు బిల్లు చూశాక చేతులెత్తేశాడు. గల్లీలో వరస పోయింది. మా ఆవిడ ఆ పళ్లెం అటక మీద పెట్టింది. చాయ్‌లోకి ప్యాకెట్టు బిస్కెట్లు వచ్చాయి. వాటి గురించి నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కరీం భాయ్ అడిగింది

రిటైరయ్యాక కాగితాలు సర్దుతుంటే ఆ రిపోర్టు బయటపడింది. దాన్ని పట్టుకుని బేకరీకి నడిచి వెళ్లాను. ఇన్నేళ్లలో ఆ గల్లీలోంచి ఎన్నోసార్లు వెళ్లాను, ప్రతిసారీ అవతలి పక్క నుంచే. కరీం భాయ్‌కి చూపు తగ్గింది. గొంతు పట్టి గుర్తుపట్టి చాయ్ చెప్పాడు.

రిపోర్టు తీసి జరిగిందంతా చెప్పాను. మారిన లెక్క, రామనాథం గారి గది, "అలాగే సార్" అన్నది, టికెట్టు, అన్నీ. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"అంటే తప్పని మీకు ముందుగాల్నే తెల్సు," అన్నాడు చివరికి.

"తెలుసు."

"భట్టీ కొట్టకముందే?"

"కొట్టకముందే."

తిడతాడనుకున్నాను. రిపోర్టు చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఏడ రాసిండ్రు?"

ఆయన వేలు పట్టుకుని ఆ వాక్యం మీద పెట్టాను. చాలాసేపు వేలితో తడిమాడు.

"ఇంత చిన్నగ రాస్తే ఎవరికి కనబడ్తది సాబ్?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఉంటే నేను తట్టుకునేవాణ్నేమో. "నేనైతే గుడ్డోన్ని. వాళ్లకు కండ్లు మంచిగనే ఉండె గద?"

నాకు కన్నీళ్లు వచ్చాయి. ఆయనకు కనిపించవని తుడుచుకోలేదు. చాయ్ తాగుతూ ఉన్నాం. నేను లేచేటప్పుడు ఆయన రిపోర్టు తిరిగి ఇచ్చేశాడు.

"ఒక పని చెయ్యి సాబ్. మల్ల ఎప్పుడన్న రాస్తే, పైన రాయి. పెద్దగ రాయి. ఆ పళ్లేలు నా దగ్గర అమానత్ ఉండె. లెక్కల గూడ పోగొట్టిన్నని ఆ తల్లులకు నేనేం జవాబు చెప్పాలె?"

అందుకే రాస్తున్నాను. పైనే, మామూలు అక్షరాల్లో. ఆ భట్టీలో కాలినవి కరీం భాయ్ బిస్కెట్లు మాత్రమే కాదు. గాజు గుర్తు ఇంటివి, గుండీ గుర్తు ఇంటివి, టోపీ గుర్తు ఇంటివి, పావలా గుర్తు ఇంటివి, దువ్వెన గుర్తు ఇంటివి కాలాయి. వాటిని లెక్కలో నేను చేర్చలేదు. తెలిశాక కూడా చేర్చలేదు. తాళంచెవి గుర్తు ఇల్లు మాది.